మొదటేడు సగం ధర: సాఫ్ట్‌వేర్ చందా కట్టే ముందు చూడాల్సినవి

నల్లగొండలో మందుల దుకాణమైనా, జడ్చర్ల మార్కెట్లో కమీషన్ దుకాణమైనా, బిల్లు కొట్టేది ఇప్పుడు చాలావరకు సాఫ్ట్‌వేర్‌లోనే. కొత్తగా చేరేవాళ్లకు కంపెనీలు సగానికి సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తగ్గిస్తాయి. ఎందుకు తగ్గిస్తున్నారో తెలిస్తే ఎక్కడ జాగ్రత్తపడాలో దొరుకుతుంది.

మిర్యాలగూడ మిల్లు యజమాని బియ్యం బస్తాను సగం ధరకు ఇస్తే ప్రతి బస్తా మీదా నష్టపోతాడు. సాఫ్ట్‌వేర్ సంగతి వేరు. తయారుచేసేటప్పుడే పెద్ద ఖర్చు; ఆ తర్వాత ఇంకో గిరాకీ చేరితే సర్వరుకు, ఫోన్లో సాయానికి అయ్యేది కొంచెమే. అసలు ఖర్చు గిరాకీని పట్టుకురావడంలో ఉంది: ప్రకటనలు, డీలరు కమీషన్, డెమో చూపించే మనిషి జీతం. తగ్గింపు కూడా ఆ ఖర్చులో భాగమే. ఏడాది తిరిగేసరికి మీ సరుకుల పేర్లు, ఉద్దెర ఖాతాలు, పాత బిల్లులు అన్నీ అందులోకి చేరిపోతాయి. వదిలి పోవడం కష్టమవుతుంది. ఇచ్చిన తగ్గింపు రెండో ఏడాది నుంచి తిరిగొస్తుందని కంపెనీ నమ్మేది అందుకే.

కాబట్టి మొదటేడు ధర పక్కన పెట్టి మూడేళ్ల లెక్క వేయండి. ఉదాహరణకు ఒకటి మొదటేడు రూ.1,200, తర్వాత ఏటా రూ.4,000. మూడేళ్లకు రూ.9,200, 18 శాతం జీఎస్టీతో రూ.10,856. ఇంకొకటి తగ్గింపు లేకుండా ఏటా రూ.2,800. జీఎస్టీతో కలిపి రూ.9,912. చవకగా కనబడ్డదే రూ.944 ఎక్కువ పడింది. రెన్యూవల్ ధర చాలాసార్లు పెద్దంకె కింద సన్నటి బూడిదరంగు అక్షరాల్లో ఉంటుంది. అక్కడా లేకపోతే డీలరును అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట మీద డబ్బు కట్టొద్దు.

డబ్బు కట్టే తెర దగ్గర నిదానించాలి. యూపీఐ ఆటోపేకి (చందా దానంతటదే మీ బ్యాంకు ఖాతాలోంచి కోసుకునే ఏర్పాటు) పిన్ కొట్టే ముందు అందులో మూడు చూడండి: గరిష్ఠ మొత్తం, ఎన్నాళ్లకోసారి, చివరి తేదీ. ఇప్పుడు కట్టేది రూ.99 అయినా గరిష్ఠ మొత్తం రూ.5,000 అని ఉండొచ్చు. అంతవరకూ కోసుకోవడానికి మీరు ఒప్పుకున్నట్టే. 2022 నుంచి రూ.15,000 లోపు కోతలకు ప్రతిసారీ పిన్ గానీ ఓటీపీ గానీ అడగరు. కనీసం 24 గంటల ముందు కబురు రావాలని రిజర్వ్ బ్యాంక్ నియమం ఉంది. కానీ ఆ మెసేజ్ ప్రకటనల మెసేజ్‌ల నడుమ కొట్టుకుపోతుంది.

ఎక్కువమందిని ముంచే తప్పు ఇంకోటుంది. సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి వచ్చిన కుర్రాడు తన మెయిల్, తన నంబర్‌తో ఖాతా తెరిచి పోతాడు. అతను ఉద్యోగం మారితే ఓటీపీ మీకు రాదు, మీ లెక్కలు మీకే తెరుచుకోవు. ఖాతా మీ నంబర్‌తోనే తెరిపించండి. బిల్లు మీద దుకాణం పేరు, జీఎస్టీ నంబర్ వేయించండి. లేకుంటే కట్టిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి దాన్ని తగ్గించుకునే వీలు, చిక్కదు. కాంపోజిషన్‌లో (అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే చిన్న వ్యాపారుల పథకం) ఉన్నవాళ్లకు ఎట్లాగూ ఆ క్రెడిట్ లేదు, 18 శాతాన్నీ ఖర్చుగానే లెక్కగట్టుకోవాలి.

ఉచితంగా వాడనిచ్చే రోజుల్లో ఈ పరీక్ష తప్పకుండా చేయండి. పది బిల్లులు, ఐదు ఉద్దెర ఖాతాలు ఎక్కించి, అన్నింటినీ ఎక్సెల్‌లోకి దింపి చూడండి. పీడీఎఫ్ మాత్రమే వస్తే, రేపు వేరేదానికి మారినప్పుడు అన్నీ చేత్తో మళ్లీ కొట్టాల్సిందే. బాకీలు తేదీలతో సహా దిగాయా, మొత్తం బాకీ అంకె ఒక్కటే వచ్చిందా అన్నదీ చూడాలి. అంకె ఒక్కటే వస్తే, బాకీ ఎన్నడిదని రైతు అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు.

వద్దనుకుంటే యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. ప్లే స్టోర్‌లో కొన్నదైతే ప్రొఫైల్ బొమ్మ నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లో రద్దు చేయాలి. యూపీఐతో నేరుగా కట్టిందైతే కంపెనీ ఖాతాలో రద్దు చేసి, ఆ తర్వాత యూపీఐ యాప్‌లో ఆటోపే తీసేయాలి. ఏడాది ఒప్పందం మీద నెలనెలా కట్టేదైతే మధ్యలో ఆపినందుకు రుసుము ఉందేమో ముందే చదవండి. రద్దు నొక్కగానే మళ్లీ తగ్గింపు చూపించడం మామూలే. సాఫ్ట్‌వేర్ మీకు పనికొస్తుంటే ఆ ధరకు ఉండిపోవచ్చు, తప్పులేదు.

గడువుకు పది రోజుల ముందు ఫోన్లో గుర్తు పెట్టుకోండి, డేటా దింపుకోవడానికి ఆ మాత్రం సమయం కావాలి. రద్దు మీట దాచిపెట్టి తిప్పించుకోవడాన్ని కేంద్ర ప్రభుత్వం 2023 నవంబర్‌లో ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను తప్పుదోవ పట్టించే తెర మాయలు) మార్గదర్శకాలు నిషేధించాయి. అట్లాంటిది ఎదురైతే స్క్రీన్‌షాట్లు తీసి జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయండి, ఫిర్యాదు నంబర్ రాసిపెట్టుకోండి.