విదేశీ మందు సొంతానికి తెప్పించుకుంటున్నారా? కస్టమ్స్ డ్యూటీ మినహాయింపు ఇలా అడగాలి

ఇక్కడ దొరకని మందు డాక్టర్ రాస్తే ముందు ధర చూస్తాం, తర్వాత ఎవరు పంపగలరో చూస్తాం, కస్టమ్స్ సంగతి మాత్రం పార్శిల్ శంషాబాద్‌లో దిగాకే గుర్తొస్తుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాల్సిన ఇంజెక్షన్ అయితే ఇక ఆ టెన్షన్ చెప్పక్కర్లేదు. అందుకే అక్కడి నుంచి సరుకు బయల్దేరకముందే కాగితాలన్నీ చేతిలో ఉండాలి.

ముందు ఒక విషయం స్పష్టం చేసుకోండి. కావాల్సిన కాగితాలు రెండు, వాటి పనులు వేరు. ఒకటి మందు తెచ్చుకోవడానికి అనుమతి, రెండోది పన్ను అక్కర్లేదని చెప్పే సర్టిఫికెట్. పర్మిట్ ఉంది కదా డ్యూటీ ఎందుకు అని కౌంటర్ దగ్గర వాదించేవాళ్లు చాలామంది ఉంటారు, ఆ వాదన నిలవదు.

అనుమతి ఇచ్చేది సీడీఎస్‌సీఓ, అంటే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ. ఫారం 12ఏలో దరఖాస్తు పెడితే ఫారం 12బీలో పర్మిట్ ఇస్తారు. దరఖాస్తుకు రిజిస్టర్డ్ డాక్టర్ ప్రిస్క్రిప్షన్ తప్పనిసరి, అందులో డోసు, ఎన్నాళ్లు వాడాలి, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ కనబడేలా రాయించుకోండి, ఎందుకంటే అడిగిన పరిమాణం సబబుగా ఉందా లేదా అన్నది ఆ చీటీ చూసే తేలుస్తారు. రెండు నెలల కోర్సు రాయించుకుని ఏడాదికి సరిపడా మందు అడిగితే కుదరదు.

అన్నయ్య అమెరికా నుంచి వస్తున్నాడు, సూట్‌కేసులో పెట్టుకొస్తాడు, ఇదంతా ఎందుకు అంటారా? బ్యాగేజీలో పర్మిట్ లేకుండా తెచ్చుకోవచ్చు, నిజమే, కానీ ఒక్కో మందు 100 సగటు డోసులు మించకూడదు. పైగా ఆ వెసులుబాటు ప్రయాణికుడు తాను వాడుకునే మందుకే, అమ్మ కోసం తెచ్చేదానికి కాదు. చాలాసార్లు ఎవరూ అడగరు. అడిగిన రోజు మాత్రం మీ దగ్గర సమాధానం ఉండదు, అందుకే ఖరీదైన మందు విషయంలో నేనైతే పర్మిట్ దారినే వెళ్లమంటాను.

ఇక డ్యూటీ. మందులకు మామూలుగా 10 శాతం బేసిక్ డ్యూటీ, కొన్నిటికి 5, కొన్నిటికి సున్నా. రవాణా, బీమా కలిపి 2 లక్షల విలువ తేలిన మందుకు 10 శాతం అంటే 20,000, దాని మీద సర్‌చార్జి 2,000, ఈ మొత్తం మీద 5 శాతం ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) వేస్తే ఇంకో 11,100. అంటే 33,100 రూపాయలు, నెలనెలా తెప్పించుకునే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు.

అరుదైన వ్యాధులకు 2023 ఏప్రిల్ 1 నుంచి పెద్ద ఊరట ఉంది. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఉన్న జబ్బులకు సొంతంగా తెప్పించుకునే మందులకే కాక, వైద్య అవసరానికి తయారుచేసే ప్రత్యేక ఆహారానికి కూడా బేసిక్ డ్యూటీ పూర్తిగా లేదు. పీకేయూ (ఫినైల్‌కీటోన్యూరియా) లాంటి పుట్టుకతో వచ్చే జబ్బున్న పిల్లలకు పట్టే ఫార్ములా పొడి ఈ రెండో కోవలోకి వస్తుంది, చాలామంది తల్లిదండ్రులకు ఇది తెలియదు. ఇవే దిగుమతులకు ఐజీఎస్టీ మినహాయింపును కూడా 2023 జులైలో జీఎస్టీ కౌన్సిల్ సిఫారసు చేసింది. 2026 బడ్జెట్ ఈ వరుసలో మరో 7 వ్యాధులను చేర్చింది. అవన్నీ మీకనవసరం, మీ జబ్బు పేరు జాబితాలో ఉందో లేదో ఒక్కటే చూసుకోండి.

సర్టిఫికెట్ ఎవరిస్తారంటే కేంద్ర లేదా రాష్ట్ర ఆరోగ్య సేవల డైరెక్టర్, లేదంటే జిల్లా వైద్యాధికారి, సివిల్ సర్జన్. మన దగ్గర డీఎంహెచ్ఓ ఆఫీసు నుంచి మొదలుపెట్టడం తేలిక. అక్కడి సిబ్బందికి ఇలాంటి దరఖాస్తు రోజూ రాదు కాబట్టి నోటిఫికేషన్ (మినహాయింపు ఇచ్చిన కేంద్ర ఉత్తర్వు) ప్రింటు, జబ్బు నిర్ధారించిన రిపోర్టు, ప్రిస్క్రిప్షన్ పట్టుకెళ్లండి. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరీక్షల కేంద్ర సంస్థ), నిమ్స్ కలిసి అరుదైన వ్యాధుల కేంద్రంగా పనిచేస్తున్నాయి, వీలైతే నిర్ధారణ కాగితం అక్కడి నుంచి తీసుకోండి.

జబ్బు ఆ జాబితాలో లేకపోతే మందు పేరుతో వెతకండి. కొన్ని ప్రాణరక్షక మందులకు పేరుపేరునా మినహాయింపు ఉంది, కాకపోతే అక్కడ ఎక్కువగా ఉండేది మందు అసలు పేరు, బ్రాండ్ పేరు కాదు. కీట్రూడా అనే బ్రాండ్ అయితే పెంబ్రోలిజుమాబ్ అని వెతకాలి. జీఎస్టీ కూడా విడిగా చూడండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి 36 మందులకు అది సున్నా.

పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, ప్రిస్క్రిప్షన్‌లో ఒక్క ఇనీషియల్, ఇన్వాయిస్‌లో ఇంటిపేరు చివర, ఇలా నాలుగు కాగితాల్లో నాలుగు రకాలుగా ఉంటే మనకు మామూలే కానీ కస్టమ్స్‌లో అది ప్రశ్న అవుతుంది. ఇన్వాయిస్ రోగి పేరు మీదే వేయించండి, ఫార్మసీ పేరు మీదో బంధువు పేరు మీదో వద్దు. సొంత వాడకానికి కాబట్టి ఐఈసీ కోడ్ (దిగుమతి వ్యాపారులు తీసుకునే నంబర్) అవసరం లేదు, గుర్తింపు పత్రాలు ఇస్తే క్లియరింగ్ ఏజెంట్ బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం, వేస్తాడు. వేసేటప్పుడే మినహాయింపు నోటిఫికేషన్ అందులో పెట్టమని చెప్పండి, పెట్టాడో లేదో కాపీ తెప్పించుకుని చూడండి. అది పెట్టకపోతే సిస్టమ్ మామూలు రేటే లెక్కేస్తుంది.

మందు అర్జెంటై, సర్టిఫికెట్ రాకముందే డ్యూటీ కట్టి విడిపించుకోవాల్సి వస్తే రసీదు, బిల్ ఆఫ్ ఎంట్రీ దాచండి. రీఫండ్ అడగడానికి కట్టిన రోజు నుంచి ఏడాది గడువు ఉంటుంది, కానీ ముందు ఆ బిల్లును సవరింపజేసుకోవాలి, అది చేయకుండా నేరుగా రీఫండ్ దరఖాస్తు పెడితే తిప్పి పంపుతారు.