కాకినాడ తీరంలో వలస ఉల్లంకులను లెక్కపెట్టడం ఎలా

ఆటు వేళ నీరు తీసేస్తే బురద మేటలు చాలా దూరం బయటపడతాయి. ఉల్లంకులు, అంటే బురదలో మేత వెతికే తీరపు పిట్టలు, మేతకోసం వాటి మీద చెల్లాచెదురైపోతాయి. అప్పుడు వేసిన లెక్క పనికిరాదు. పోటెక్కి మేటలు మునిగాక అవే పిట్టలు మిగిలిన ఇసుక దిబ్బ మీదికి చేరి ఒత్తుగా నిలబడతాయి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటు బాగా ఎక్కుతుంది, గుంపులు ఇంకా దగ్గరవుతాయి. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక వెళ్లే రోజు ఆటుపోట్ల పట్టికే చూడండి. పోటుకు రెండు గంటల ముందే చేరి, నీరు తీయడం మొదలయ్యేలోపు ముగించండి.

ఎండ వీపుకు తగలాలి. ఒడ్డు నుంచి చూస్తే సముద్రం తూర్పున ఉంటుంది. పొద్దున పోటైతే ఎదురెండలో పిట్టలన్నీ నల్లగానే కనిపిస్తాయి. అలాంటి రోజు ఒడ్డుకు ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ వైపు నుంచి పడమరకు చూడాలి, సాయంత్రం పోటుకు ఒడ్డే మేలు. కోరింగ అభయారణ్యం పరిధిలోకి వెళ్లాలంటే ముందుగా అటవీశాఖ అనుమతి తీసుకోండి.

టెలిస్కోప్ 20–60 రెట్లది చాలు. ఎండెక్కాక బురద మీద గాలి వేడెక్కి బొమ్మ అల్లాడుతుంది, అప్పుడు 30 దాటించినా లాభం లేదు. స్టాండ్ కాళ్ల కింద చెక్క ముక్కలు పెట్టండి, లేకపోతే ఒక కాలు దిగబడి చూపు పక్కకు పోతుంది.

ముందు మొత్తం లెక్క. గుంపులో ఒక చివర 10 పిట్టలను ఒక్కొక్కటిగా లెక్కించి, అవి ఆక్రమించిన జాగాను కంటితో పట్టుకోండి. అదే కొలతతో 50, ఆపైన 100 చొప్పున ఎడమ నుంచి కుడికి సాగండి. పెద్ద గుంపును కన్ను సాధారణంగా తక్కువగానే అంచనా వేస్తుంది, పైగా పొడుగు కాళ్లవాటి వెనక చిన్నవి దాక్కుంటాయి. అందుకే ఇద్దరు విడివిడిగా, ఒకరి అంకె మరొకరికి చెప్పకుండా లెక్కించాలి. తేడా పదిశాతం మించితే ఇద్దరూ మళ్లీ మొదలుపెట్టాలి.

జాతుల వాటా తర్వాత. గుంపులో కనీసం ఐదు చోట్ల వందేసి పిట్టలను చూసి ఏ జాతివి ఎన్నో రాయండి. ఒకే చోట చూస్తే తప్పు వస్తుంది: గాడ్విట్‌లు, కర్ల్యూలు అనే పెద్ద ఉల్లంకులు నీళ్లలో నిలబడితే స్టింట్‌లు, శాండ్ ప్లవర్లు అనే చిన్నవి పొడి ఇసుక మీద ఉంటాయి. గ్రేట్ నాట్ అనే ఉల్లంకి అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. అది కనిపిస్తే అంచనా వద్దు, ఒక్కొక్కటిగా లెక్కించండి.

పిట్ట కాలికి రంగు జెండా (గుర్తుపట్టడానికి పరిశోధకులు తగిలించే చిన్న ప్లాస్టిక్ ముక్క) ఉంటే రంగు, అక్షరాలు, కీలుకు పైనా కిందా, ఏ కాలు అన్నవి రాయండి. ఎడమ, కుడి పిట్టవి, మీవి కావు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు.

పిట్టలు తలలెత్తి నడక మొదలుపెట్టాయంటే అక్కడే ఆగండి. లేపితే వలసకు దాచుకున్న కొవ్వు ఊరికే ఖర్చవుతుంది, మీ లెక్కా చెడుతుంది. పడవో కుక్కో లేపినా ఎటు ఎగిరాయో రాసుకోండి, పక్క దిబ్బ దగ్గర అవే మళ్లీ లెక్కలోకి రాకుండా. పోటు వేళ, లెక్క మొదలు, ముగింపు కూడా పుస్తకంలో ఉండాలి. దిబ్బ ఖాళీగా ఉంటే 0 అని రాయండి. గడి ఖాళీగా వదిలితే పిట్టలు లేవా, అక్కడికి మీరు వెళ్లలేదా అన్నది వచ్చే ఏడాది ఎవరికీ తెలియదు.