ఎండాకాలంలో క్యాపెసిటబిన్ బిళ్లలు వాడేవాళ్ల ఇంట్లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మే నెలాఖరుకి రోహిణి కార్తె వచ్చేస్తుంది. నెల్లూరు, కావలి, ఒంగోలు ఎండల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. రొమ్ము, పెద్దపేగు, కడుపు క్యాన్సర్లకు క్యాపెసిటబిన్ వాడుతున్నవాళ్లు ఇంట్లో ఉంటే ఇప్పుడే కొన్ని ఏర్పాట్లు చేసుకోవాలి. సెలైన్ లేదు, సూది లేదు, బీపీ బిళ్లలాగా మింగేస్తున్నారు కదా అని ఇది కూడా కీమోనే అన్న సంగతి చాలా ఇళ్లలో మర్చిపోతుంటారు.

మింగిన బిళ్ల లివర్‌లో కొంత, కణితిలో మిగతాది మారి 5-ఫ్లోరోయురాసిల్ అనే క్యాన్సర్ మందు అవుతుంది. కొత్త కణం పుట్టాలంటే డీఎన్‌ఏ తయారవ్వాలి, దానికి ఈ మందు అడ్డం పడుతుంది. పేగుల లోపలి పొర, నోరు, ఎముక మజ్జ కూడా ఎప్పటికప్పుడు కొత్త కణాలు పుట్టే చోట్లే కాబట్టి దెబ్బ వాటికీ తగులుతుంది. సాధారణంగా 14 రోజులు వాడి 7 రోజులు ఆపుతారు. పొద్దున, రాత్రి, అన్నం తిన్న అరగంటలోపు నీళ్లతో వేసుకోవాలి. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెండింతలు వేసుకోకూడదు.

ఎండాకాలంలో అసలు భయం విరేచనాలు. చెమటకు పోయే నీరు ఎలాగూ పోతుంది, దానికి ఇవి తోడైతే కిడ్నీలు దెబ్బతింటాయి. కిడ్నీ మందగిస్తే మందు ప్రభావం ఇంకా ముదురుతుంది. మామూలు కంటే రోజుకి నాలుగుసార్లు ఎక్కువ వెళ్లినా, రాత్రి నిద్రలో లేచి వెళ్లాల్సి వచ్చినా బిళ్ల ఆపి వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. కోర్సు మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుందేమోనని టెన్షన్ పడి మింగుతూ పోయేవాళ్లున్నారు. అదే ప్రమాదం. ఇబ్బంది వచ్చినప్పుడు ఆపడం వైద్యంలో భాగమే, మళ్లీ ఎప్పుడు, ఎంత మోతాదులో మొదలుపెట్టాలో డాక్టరే చెబుతారు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇంట్లో ఉంచుకోండి. లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్లలోనే కలపాలి. చెన్నైలో చూపించుకుంటున్నవాళ్లు, అర్ధరాత్రి అవసరమైతే దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో ముందే అడిగి రాసిపెట్టుకోవాలి. జ్వరం 100.4 దాటినా, గుండెలో నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు.

నోరు పూసిందంటే చేపల పులుసు, పొదలకూరు నిమ్మకాయ రసం కొన్నాళ్లు పక్కన పెట్టాల్సిందే. మజ్జిగన్నం హాయి.

అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండుతాయి, తోలు ఊడుతుంది. కాలే మిద్దె మీద వట్టికాళ్లతో వడియాలు పెట్టడం, అంట్లు గట్టిగా తోమడం, వేడినీళ్లలో చేతులు పెట్టడం మానిపించండి. పూటపూటా మాయిశ్చరైజర్ రాయాలి. ఉంగరాలు ముందే తీసేస్తే మంచిది.

బలానికని ఎవరో చెప్పిన ఫోలిక్ యాసిడ్ బిళ్లలు అడక్కుండా వేయొద్దు, దుష్ఫలితాలు పెరుగుతాయి. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్, మూర్ఛకు వేసుకునే ఫెనిటాయిన్ వాడుతుంటే డాక్టర్‌కి చెప్పి తీరాలి. గర్భిణులు ఈ బిళ్లల్ని చేత్తో ముట్టుకోకూడదు, ఎవరూ పొడి చేయకూడదు.

ఇంకోటి, కొందరికి వేలి గీతలు అరిగిపోతాయి. పెన్షన్ ఇచ్చే రోజు, రేషన్ దగ్గర వేలిముద్ర పడకపోతే ఐరిస్‌తో (కంటిపాప స్కాన్) తీసుకోమని అడగండి.