పెద్దాసుపత్రిలో తోడుండాలనుకునేవాళ్ళకి

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సర్వీసు మొదలైంది. ఇవాళ మారుమూల పల్లె నుంచయినా రోగిని ఆసుపత్రి గుమ్మం దాకా తెచ్చి దించుతుంది. ఆ గుమ్మం దగ్గర నుంచి ఏ కౌంటరుకి వెళ్ళాలి, ఏ మేడ ఎక్కాలి, ఎవరిని అడగాలి అన్నది చెప్పే మనిషి మాత్రం ఏ నంబరుకి ఫోన్ చేసినా రాడు. ఆ కాస్త దూరం మనలాంటివాళ్ళం వాళ్ళతో కలిసి నడవొచ్చు. డబ్బున్నవాళ్ళే సేవ చెయ్యాలనుకుని ఆగిపోయినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. దీనికి కావలసింది ఓపిక, వారంలో ఒకటో రెండో పొద్దుటిపూటలు, అంతే.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనదాన్ని. ఉండేది విశాఖపట్నంలో. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ బండి కదలాలంటే నా విజిల్ పడాలి. రిటైరయ్యాక ఇంట్లో పనికి కొదవ లేదు గానీ, పొద్దున్న లేస్తే నా కోసం ఎదురుచూసే మనిషి ఒక్కరూ లేరన్నది మింగుడుపడలేదు. గుళ్ళకి వెళ్ళాను, టీవీ చూశాను, మనవల దగ్గర కొన్నాళ్ళున్నాను. చివరికి కుదురు దొరికింది కేజీహెచ్, అదే కింగ్ జార్జ్ ఆసుపత్రి, ఓపీ (బయటి నుంచి వచ్చే రోగుల్ని చూసే విభాగం) దగ్గర. 1923లో పెట్టిన ఆసుపత్రి అది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి, పాడేరు కొండల మీద నుంచి, అటు ఒడిశాలో కోరాపుట్, మల్కన్‌గిరి నుంచి కూడా జనం వస్తారు. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి దిగిన మనిషికి ఊరు కొత్త, ఆసుపత్రి కొత్త, ఒంట్లో నొప్పి ఒకటి.

ముందు చోటు ఎంచుకోండి

డొక్కా సీతమ్మగారి పేరు విననివాళ్ళు మనలో తక్కువ. 1841లో పుట్టి, 1909లో పోయేదాకా కోనసీమలోని లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవాళ్ళకి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన తల్లి. ఆవిడ గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు తోచేది ఒకటుంది. సేవ చెయ్యడానికి ఆవిడ ఊళ్ళు పట్టుకుని తిరగలేదు. గోదావరి దాటి వచ్చేపోయేవాళ్ళ దారిలో తన ఇల్లుంది, ఆ ఇంటి తలుపు తీసి ఉంచింది. మీరూ అలాగే చూసుకోండి. మీ ఇంటికి దగ్గర్లో, మీరు ఏడాది పొడుగునా వెళ్ళగలిగే ఆసుపత్రి ఏది? అది జిల్లా ఆసుపత్రి కావచ్చు, ఏరియా ఆసుపత్రి కావచ్చు. రెండు బస్సులు మారి వెళ్ళే చోటు పెట్టుకుంటే వానాకాలం వచ్చేసరికి మానేస్తారు. వెళ్ళే రోజు కూడా ఒకటే ఉండాలి. మంగళవారం అంటే మంగళవారమే. మీరు ఫలానా రోజు ఉంటారని సెక్యూరిటీ వాళ్ళకీ, నర్సమ్మలకీ తెలిసినప్పుడే మీరు పనికొస్తారు.

అనుమతి తప్పనిసరి. పెద్ద ఆసుపత్రుల చుట్టూ దళారులు తిరగడం అందరూ ఎరిగినదే. ఓపీలో అమాయకంగా కనిపించినవాళ్ళని పట్టుకుని బయటి ల్యాబులకి తీసుకుపోతారు. మీరూ అలాంటివారేనని ఎవరైనా అనుకుంటే పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టే. అందుకని ఆర్ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) గారిని గానీ సూపరింటెండెంటు గారిని గానీ కలిసి, ఏ రోజు వస్తారో, ఏం చేస్తారో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఆధార్ జిరాక్సు జత చెయ్యండి. వాళ్ళు సరేనంటే మెళ్ళో వేసుకునే కార్డు అడగండి. ఒక్కరే వెళ్ళడం కన్నా ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే మాట తొందరగా తెములుతుంది.

మొదట్లో ఎవరికీ సాయం చెయ్యకండి

వినడానికి వింతగా ఉంటుంది గానీ నిజం. మొదటి కొన్నిసార్లు ఊరికే తిరగండి. ఓపీ చీటీ ఎక్కడ ఇస్తారు, రక్తం ఎక్కడ తీస్తారు, ఎక్స్‌రే ఎక్కడ, రిపోర్టులు ఎన్ని గంటలకి ఏ కిటికీలో ఇస్తారు, మందులిచ్చే చోటు ఎప్పుడు మూస్తారు, తాగే నీళ్ళు ఎక్కడున్నాయి, ఆడవాళ్ళ బాత్రూం ఏది శుభ్రంగా ఉంటుంది, చక్రాల కుర్చీ కావాలంటే ఎవరిని అడగాలి. ఇవన్నీ నోటికి వచ్చేయాలి. తప్పు దారి చెబితే, కాళ్ళు లాగుతున్న ముసలాయన మేడ ఎక్కి దిగాలి.

ఆరోగ్యశ్రీ ఉచిత వైద్యం కోసం వచ్చినవాళ్ళకి దారి చూపే ఆరోగ్యమిత్ర కూర్చునే చోటు ముందే చూసి పెట్టుకోండి. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. ఆంధ్రలో ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. పేరు ఏదైనా ఆధార్, రేషన్ కార్డు పట్టుకుని ఆ బల్ల దగ్గరికి వెళ్ళాలన్న సంగతి తెలియక అప్పు చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కేజీహెచ్‌లో గిరిజనుల కోసం ఎస్టీ సెల్ ఉంది. కొండల మీద నుంచి వచ్చినవాళ్ళని ముందు అక్కడికి తీసుకెళ్తాను.

ఈమధ్య ఓపీ దగ్గర ఫోనుతో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే టోకెన్ వచ్చే ఏర్పాటు పెట్టారు. స్మార్ట్‌ఫోను ఉన్నవాళ్ళకి అది హాయి. లేనివాళ్ళు చీటీల వరసలో నిలబడాలి. వాళ్ళకి ఆ వరస చూపించండి. మీ ఫోనులో మాత్రం వాళ్ళ పేరు, ఆధార్ ఎక్కించకండి. వాళ్ళ కాగితాలు వాళ్ళ చేతిలోనే ఉండాలి.

ఎవరికి తోడు కావాలో కనిపెట్టడం

దిగాల్సిన స్టాపు తెలియని ప్రయాణికుణ్ణి నేను బస్సులో ఇట్టే పట్టేసేదాన్ని. ప్రతి మలుపులోనూ తల వంచి కిటికీలోంచి చూస్తాడు. సంచి ఒళ్ళోంచి దించడు. అడగడానికి నోరు తెరుస్తాడు, మళ్ళీ మూసేస్తాడు. ఆసుపత్రిలోనూ వాళ్ళు అలాగే ఉంటారు. గట్టిగా గొడవ పెట్టేవాళ్ళ పని ఎలాగో అవుతుంది. గోడవార చీటీ పట్టుకుని నిలబడి, ఎవరు పిలిచినా తననేనేమో అని ఉలిక్కిపడే మనిషి దగ్గరికి వెళ్ళండి.

వెళ్ళగానే "ఏం జబ్బు?" అని అడగొద్దు. "ఏ ఊరమ్మా?" అనండి. ఊరి పేరు చెప్పేటప్పుడు మనిషి కాస్త కుదుటపడతాడు. రెండో మాట, "పొద్దున్న ఏమన్నా తిన్నారా?" ఇది మర్యాదకి అడిగే ప్రశ్న కాదు. పరగడుపున షుగర్ పరీక్ష రాసి ఉంటే కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. నీళ్ళు తాగొచ్చు. కానీ బస్సు దిగగానే చలికి ఓ చక్కెర టీ తాగి వచ్చేస్తారు. ఆ మాట రక్తం తీసేవాళ్ళకి చెప్పకపోతే లెక్క తప్పొస్తుంది. ఇంకొందరు దీనికి తిరగేసి: రక్తం ఇచ్చేశాక కూడా తినొచ్చో లేదో తెలియక మధ్యాహ్నం దాకా కడుపు మాడ్చుకుంటారు. అలాంటి షుగర్ మనిషికి కళ్ళు తిరిగితే ప్రమాదం. రక్తం ఇచ్చి రాగానే "ఇప్పుడు తినొచ్చా అని సిస్టరుని అడుగుదాం రండి" అని తీసుకెళ్ళండి. తిన్నాక రెండు గంటలకి మళ్ళీ రక్తం ఇవ్వమన్నారనుకోండి, ఆ టైము చీటీ వెనక రాయండి.

మందుల దగ్గరే నాకు ఎక్కువసేపు పడుతుంది, పట్టనిస్తాను కూడా. ఓసారి సోంపేట వైపు నుంచి వచ్చిన ఓ పెద్దావిడ నాలుగు రకాల మాత్రలు కొంగులో పోసుకుని కూర్చుంది. "నాకు సదువు నేదమ్మా, ఏది ఎప్పుడెయ్యాలో ఏటి తెలుస్తాది?" అంది. మందులిచ్చే ఆయన చెప్పాడు, ఆవిడ తలూపింది, అంతే. ఆవిణ్ణి మళ్ళీ ఆ కిటికీ దగ్గరికే తీసుకెళ్ళి, ఒక్కో మందూ ఎప్పుడో ఆయన చేతే చెప్పించాను. ఆయన చెబుతుంటే చిన్న కాగితం కవర్ల మీద బొమ్మలు వేశాను: పొద్దుటికి సగం సూర్యుడు, మధ్యాహ్నానికి నిండు సూర్యుడు, రాత్రికి చందమామ. తిన్నాక వేసుకోవాల్సినదైతే పక్కన కంచం. అన్నీ అయ్యాక నేను చెప్పలేదు, ఆవిణ్ణే నాకు చెప్పమన్నాను. ఒక కవరు దగ్గర తడబడింది. అది మళ్ళీ చూపించాను. మూడోసారికి గడగడా అప్పచెప్పేసి, "మా కోడలికి నానే చెప్తాను" అంది. అప్పటి నుంచీ నా సంచిలో ఖాళీ కవర్లు, నల్ల స్కెచ్ పెన్ను ఎప్పుడూ ఉంటాయి. మీరు ఒక్కటే గుర్తుంచుకోండి: ఏ మందు ఎప్పుడన్నది ఫార్మసిస్టు చెప్పాలి. మనం బొమ్మ మాత్రమే వెయ్యాలి.

రక్తం అడిగినప్పుడు

ఆపరేషనుకి రక్తం కావాలనగానే ఇంటివాళ్ళు బెదిరిపోతారు. ఇస్తే మనిషి నీరసించిపోతాడని భయం. 18 నుంచి 65 ఏళ్ళ లోపు, 45 కిలోలకి తగ్గకుండా, హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉన్నవాళ్ళు ఇవ్వొచ్చు. మగవాళ్ళు 90 రోజులకోసారి, ఆడవాళ్ళు 120 రోజులకోసారి. తీసేది 350 లేదా 450 మిల్లీలీటర్లు. ఈ లెక్కలు నెమ్మదిగా చెబితే సగం భయం పోతుంది. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకి మించి నిలవుండవు కాబట్టి డెంగీ రోజుల్లో పిలవగానే వచ్చే కుర్రాళ్ళు నలుగురైనా మీకు తెలిసి ఉండాలి. మీ వీధి కాలేజీ పిల్లల్ని అడిగి చూడండి. వాళ్ళు సిద్ధంగానే ఉంటారు, అడిగేవాళ్ళే లేరు.

చెయ్యకూడనివి

రిపోర్టు చూసి అర్థం చెప్పకండి. "ఏం ఫరవాలేదు, తగ్గిపోతుంది" అనకండి. అది మనకి తెలియదు. డబ్బు ముట్టుకోవద్దు, వాళ్ళది దాచిపెట్టడానికి కూడా. తినడానికి లేనివాళ్ళని క్యాంటీనుకి తీసుకెళ్ళి, అక్కడ మీరే చెల్లించండి. ఫొటోలు అసలు వద్దు. జబ్బుపడి, జుట్టు చెదిరి, దిక్కుతోచక ఉన్న మనిషి బొమ్మని పదిమందికీ చూపిస్తే మనం చేసిన సాయం అంతా కొట్టుకుపోతుంది. ఎవరి జబ్బు గురించీ బయట మాట్లాడకండి. హెచ్ఐవి విషయంలోనైతే, నమ్మి చెప్పిన సంగతిని ఆ మనిషి ఒప్పుకోలు లేకుండా బయటపెట్టకూడదని 2017 చట్టం కూడా చెబుతోంది.

సిబ్బందితో రోగి తరపున పోట్లాడాలనిపిస్తుంది. కోపం నాకూ వస్తుంది. ఒక సిస్టరు ఎన్ని మంచాల మధ్య పరిగెడుతోందో ఓ గంట నిలబడి చూస్తే మాట తీరు దానంతటదే మారుతుంది. ఫిర్యాదు ఉంటే ఆర్ఎంఓ గారికి చెప్పండి, రోగి ముందు కాదు.

బతకనివాళ్ళు

ఇది కూడా వస్తుంది. మనం చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిన మనిషి వార్డులో పోతారు. అప్పుడు ఇంటివాళ్ళకి శవాన్ని ఊరికి ఎలా చేర్చాలన్నది ఏడుపుని మించిన బెంగ. ప్రభుత్వాసుపత్రుల్లో చనిపోయినవాళ్ళని ఇంటికి చేర్చడానికి ఆంధ్రలో మహాప్రస్థానం, తెలంగాణలో పార్థివ వాహనాలు ఉచితంగా ఉన్నాయి. ఆ బండి కోసం ఎవరిని అడగాలో ముందే తెలుసుకుని ఉండండి. తెలియక బయటి బండికి వేలు పోసినవాళ్ళుంటారు. కాగితాలయ్యేదాకా ఆ ఇల్లాలి పక్కన కూర్చోండి. మాటలు అక్కర్లేదు. మంచినీళ్ళు తెచ్చివ్వండి, పిల్లలుంటే ఏమైనా తినిపించండి.

ఇంటికొచ్చాక మీకు అన్నం సహించకపోవచ్చు. దాన్ని లోపలే పెట్టుకోకండి, మీతో వచ్చేవాళ్ళతో మాట్లాడండి. మరీ భారంగా ఉంటే 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మనం సాయం చేసినవాళ్ళలో చాలామంది మళ్ళీ కనిపించరు, మన పేరూ అడగరు. నన్ను "అప్పా" (మా వైపు అక్కని అలా అంటారు) అని పిలిచి, బస్సు టైమైందని పరుగెత్తి వెళ్ళిపోతారు. మొదట్లో ఒక్క మాటైనా చెప్పి వెళ్ళొచ్చుగా అనిపించేది. ఇప్పుడు వాళ్ళు బస్సు అందుకున్నారా లేదా అన్నదే చూస్తాను. ఆ గంటసేపు నాకు నా మోకాళ్ళ నొప్పి గుర్తు రాదు, ఎవరు ఫోన్ చేశారో ఎవరు చెయ్యలేదో గుర్తు రాదు. రిటైరయ్యాక నేను వెతుక్కున్నది ఇదే.

మీరు మొదలుపెట్టేటప్పుడు సోమవారం వద్దు, ఆదివారం సెలవు తర్వాత రద్దీ ఎక్కువ. వారం మధ్యలో ఏదో ఒక రోజు, కౌంటరు తెరవడానికి ముందే చేరుకోండి. సంచిలో నీళ్ళ సీసా, రెండు పెన్నులు, ఖాళీ కవర్లు, చిన్న నోటుపుస్తకం, బిస్కెట్ ప్యాకెట్లు, దూరం బస్సుల టైములు రాసిన కాగితం పెట్టుకోండి. చెప్పులు మెత్తనివి వేసుకోండి. ఓపీ అయిపోయాక ఓసారి బస్టాండు వైపు వెళ్ళే ఆటో స్టాండు దాకా నడిచి రండి. దారి అడిగేవాళ్ళు అక్కడ కూడా ఉంటారు.