పాత సెడాన్ జబ్బులు: గుర్తు, కారణం, మరమ్మతు, ఖర్చు

పదేళ్లు దాటిన డిజైర్, ఇటియోస్, సిటీ, వెర్నా, ఇండిగో లాంటి బళ్లు నెల్లూరు, ఒంగోలు వైపు షెడ్డుకొచ్చేది చాలావరకు ఒకే నాలుగైదు జబ్బులతో. పార్టు కొనే ముందు ఆ జబ్బు ఎప్పుడు బయటపడుతోందో చూడాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? బండి ఆగినప్పుడా, పరుగులోనా? సగం సంగతి అక్కడే తేలిపోతుంది. ఇక్కడిచ్చిన ఖర్చులు బయటి షెడ్డులో, మంచి బ్రాండు పార్టుతో అయ్యే సుమారు లెక్కలు. మోడల్‌ను బట్టి అటూ ఇటూ అవుతాయి, షోరూంలో ఇంకా ఎక్కువే పడతాయి.

ఇంజన్ వేడెక్కడం

హైవే మీద బాగానే పోయి, ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో ఆగగానే టెంపరేచర్ ముల్లు లేస్తోందంటే అనుమానం ఫ్యాన్ మీదే. బండి స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా బళ్లలో కాసేపట్లోనే ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ముందు ఫ్యూజు చూడండి. తర్వాత ఫ్యాన్ రిలే, అంటే ఫ్యాన్‌కు కరెంటు కలిపే చిన్న స్విచ్చు డబ్బా చూడాలి. అదే నంబరున్న వేరే రిలే, మామూలుగా హారన్‌ది, తీసి అక్కడ పెట్టి చూడండి. తిరిగిందా, 200, 300 రూపాయల రిలేతో పని అయిపోయింది. లేదంటే ఫ్యాన్ కనెక్టర్ ఊడదీసి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వాలి. అప్పుడు తిరిగితే లోపం వైరింగులోనో సెన్సర్‌లోనో ఉంది. అప్పటికీ కదలకపోతే మోటారు పోయినట్టు, 2,000 నుంచి 3,500. ఇంజన్ ఆపినా ఫ్యాన్ ఒక్కోసారి తనంతట తనే తిరుగుతుంది, వేళ్లు జాగ్రత్త.

ఊళ్లో బాగుండి హైవేలో 90 మీద, ఏసీ వేసుకుని పోతుంటే వేడెక్కుతోందంటే రేడియేటర్ మూసుకుపోయి ఉంటుంది. మన దగ్గర దీనికి కారణం చాలాసార్లు బోరు నీళ్లే. కనిగిరి, పామూరు వైపు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లగా గార కడుతుంది కదా, రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అదే గార కడుతుంది. ఇంజన్ వేడెక్కాక ఆపి, రేడియేటర్ అంతటా టెంపరేచర్ గన్ పెట్టి చూస్తే ఒకచోట బాగా చల్లగా కనబడుతుంది, అక్కడ నీళ్లు పారడం లేదన్నమాట. ఫ్లషింగ్‌కు 500 నుంచి 800. దానికి లొంగకపోతే కొత్త రేడియేటర్, 3,500 నుంచి 6,000. పాత ఇత్తడి రేడియేటర్లకు చేసినట్టు ట్యాంకు విప్పి రాడ్డు కొట్టిస్తామంటే ఒప్పుకోకండి. ఇప్పటివి పక్కన ప్లాస్టిక్ ట్యాంకులు బిగించిన అల్యూమినియంవి, ఒకసారి విప్పితే మళ్లీ సరిగ్గా కూర్చోవు.

తర్వాత పోసేది సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. డబ్బా మీద కాన్సంట్రేట్ అని ఉంటేనే నీళ్లు కలపాలి, రెడీమిక్స్ అయితే అలాగే పోయాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి, హీటర్ ఫుల్‌లో పెట్టి, బుడగలు ఆగేదాకా ఐడిలింగ్‌లో ఉంచి మట్టం నింపండి. లోపల గాలి మిగిలితే కొత్త రేడియేటర్ వేసినా ముల్లు లేస్తుంది. రేడియేటర్ మూత రబ్బరు గట్టిపడినా ప్రెజర్ నిలవక నీళ్లు తొందరగా మరుగుతాయి. అది 150 నుంచి 350 రూపాయల వస్తువు, అందరూ చివర్లో చూస్తారు.

ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు థర్మోస్టాట్. "మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు" అని పీకేసే మెకానిక్కులు ఇంకా ఉన్నారు. అది లేకపోతే ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, అంతసేపూ కంప్యూటర్ ఎక్కువ ఇంధనం పంపుతుంది, మైలేజీ పడిపోతుంది. కొన్ని ఇంజన్లలో నీళ్లు రేడియేటర్‌లోకి పోకుండానే తిరిగొచ్చేసి, వేడి తగ్గకపోగా పెరుగుతుంది. కొత్తది 600 నుంచి 1,200, వేయించండి.

అందరూ భయపడేది హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య పెట్టే పొర, పోవడం. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే రేడియేటర్ పైహోసు రాయిలా గట్టిపడి, కూలెంట్ ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తుంటే దాదాపు అదే. ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గడం, ఆయిల్ మూత కింద పాలకాఫీ రంగు మడ్డి కూడా గుర్తులే. గ్యాస్కెట్ సెట్టు, లేత్ షాపులో హెడ్ ఫేసింగ్ (అడుగు చదును చేయడం), ఆయిలు, కూలెంట్, కూలీ కలిపి 10,000 నుంచి 20,000 అవుతుంది. ఫేసింగ్‌కు ముందే హెడ్‌కు పగులుందేమో ప్రెజర్ టెస్టు చేయించండి. సాగే రకం హెడ్ బోల్టులుంటే పాతవి మళ్లీ బిగించనివ్వొద్దు.

దారిలో ముల్లు ఎర్రగీత తాకితే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌లో పెట్టి పక్కకు తీయండి. ఆవిరి వస్తుంటే వెంటనే ఇంజన్ ఆపాలి. ముప్పావు గంట మూత జోలికి వెళ్లొద్దు. కాగుతున్న ఇంజన్ మీద చన్నీళ్లు కుమ్మరిస్తే హెడ్ పగలొచ్చు.

ఏసీ చల్లగా రావడం లేదు

పరుగులో చల్లగా ఉండి ఆగితే వేడిగాలి వస్తోందంటే మళ్లీ ఫ్యాన్, లేదా దుమ్ముతో మూసుకుపోయిన కండెన్సర్, అంటే రేడియేటర్ ముందుండే ఏసీ జాలీ. చీమకుర్తి వైపు తిరిగే బళ్లకు గ్రానైట్ పొడి రెక్కల మధ్య పేస్టులా పట్టేస్తుంది. మామూలు పైపు నీళ్లతో మెల్లగా కడగండి, వాటర్ సర్వీసు గన్ను పెడితే రెక్కలు వంగిపోతాయి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి కండెన్సరే తిని చిల్లులు పడుతుంది, 4,000 నుంచి 6,500.

ప్రతి ఎండాకాలం గ్యాసు కొట్టించాల్సి వస్తోందంటే ఎక్కడో లీకుంది. గ్యాసు వాడితే అరిగేది కాదు. ముందు నైట్రోజన్ ఎక్కించి లీకు పట్టమనండి, 500 లోపే. గ్యాసు తక్కువైతే ప్రెజర్ స్విచ్చి కంప్రెసర్‌ను ఆన్ కానివ్వదు. అది చూసి "కంప్రెసర్ పోయింది" అని 15,000 ఖర్చు చెప్పేవాళ్లున్నారు. గ్యాసు ఎంత పట్టాలో బానెట్ కింద స్టిక్కర్‌పై గ్రాముల్లో ఉంటుంది, తూకంతోనే ఎక్కించాలి. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది.

స్టార్ట్ కావడం లేదు

300 రూపాయల మల్టీమీటర్ ఒకటి బండిలో ఉంచుకోండి. రాత్రంతా నిలిపిన బండికి బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు ఉంటే మంచిది, 12.2 కంటే తగ్గితే బ్యాటరీలో ఛార్జింగు బాగా తక్కువున్నట్టు. ఛార్జింగు నిండుగా ఉండి కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి దిగితే బ్యాటరీ అయిపోయినట్టే, పాతది ఇచ్చి కొత్తది తీసుకుంటే 4,000 నుంచి 6,500. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 రావాలి. 13 దగ్గరే ఆగితే ముందు బెల్టు, తర్వాత ఆల్టర్నేటర్ బ్రష్‌లు, రెగ్యులేటర్ చూడాలి, 800 నుంచి 2,000.

టకటకటక అని వరసగా కొట్టుకుంటూ లైట్లు మసకబారితే బ్యాటరీ, లేదా పచ్చగా చిలుము పట్టిన టెర్మినల్. చిలుమైతే బ్యాటరీ కనెక్షన్ తీసి వేడినీళ్లతో కడిగి బిగిస్తే సరి. లైట్లు బాగానే ఉండి ఒక్కసారి "టక్" అని ఆగితే సెల్ఫ్ మోటారు, రిపేరు 1,500 నుంచి 2,500.

డీజిల్ బండి పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొడితేగానీ అందుకోకపోతే అందరూ గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజన్ లోపల వేడి పుట్టించేవి) అంటారు. మన వాతావరణంలో ముందుగా చూడాల్సింది ఫిల్టర్ దగ్గర గాలి పీల్చడం, తర్వాత ఇంజెక్టర్ రిటర్న్ లీకు, అంటే ఇంజన్‌లోకి చిమ్మాల్సిన డీజిల్ ఎక్కువగా వెనక్కి పోవడం. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు నాలుగు సీసాల్లోకి వదిలి కాసేపు నడిపితే, ఏ సీసా ముందు నిండుతుందో ఆ ఇంజెక్టరే దొంగ. బాగు చేయించడానికి ఒక్కోదానికి 3,000 నుంచి 6,000.

కింద చప్పుళ్లు

చిన్న గతుకులకే కటకటమంటే సస్పెన్షన్‌లోని లింక్ రాడ్లు, ఒక్కోటి 400 నుంచి 700. బ్రేకు వేసినప్పుడు, రివర్స్ తీసినప్పుడు "ధబ్" మంటే లోయర్ ఆర్మ్ బుష్ (చక్రాన్ని పట్టుకునే కింది చేతి రబ్బరు), ఒక్కో పక్క 1,500 నుంచి 2,500, ఆపైన అలైన్‌మెంట్. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టిక్కుటిక్కుమనేది యాక్సిల్ జాయింట్. దాని రబ్బరు బూటు చిరిగినప్పుడే 600, 700 పెట్టి మార్చి ఉంటే జాయింట్ దక్కేది. వేగంతో పెరిగే హోరు వీల్ బేరింగ్. కుడివైపు మలుపులో హోరు పెరిగితే ఎడమ చక్రానిది చూడండి. మొత్తం సస్పెన్షన్ కిట్టు మార్చాలన్న మాటను ఇవన్నీ విడివిడిగా ఊపి చూపించాకే నమ్మాలి.

టైమింగ్ బెల్టు

ఇంజన్‌లో వాల్వులను సరైన సమయానికి తెరిచి మూసేలా తిప్పేందుకు డిజైర్, సిటీ, ఇటియోస్‌లకు చైన్ ఉంటుంది. ఇండిగో, యాక్సెంట్, ఫోర్డ్ ఫియెస్టా డీజిల్‌కు బెల్టు. బెల్టు బండి కొని, ఎప్పుడు మార్చారో రికార్డు లేకపోతే వెంటనే టెన్షనర్‌తో (బెల్టును బిగువుగా ఉంచేది) సహా మార్పించండి, 4,000 నుంచి 7,000. పరుగులో తెగితే వాల్వులు వంగి ఖర్చు నాలుగైదు రెట్లవుతుంది. చైన్ బండి పొద్దున్నే స్టార్ట్ కాగానే గలగలమంటే ఆయిల్ మట్టం, ఆ తర్వాత టెన్షనర్ చూడాలి.

కొనేటప్పుడు

2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు, కోవూరు చుట్టుపక్కల నీళ్లు నిలిచాయి. అంతకుముందు నుంచీ ఇక్కడే తిరిగిన బండి అయితే సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, మునిగి ఉంటే అడుగున బురద చార కనబడొచ్చు. స్టెప్నీ గుంతలో ఒండ్రు, సీట్ల కింది బోల్టులకు తుప్పు ఉన్నా అనుమానించాల్సిందే. ఇలాంటి బండికి ఇంజన్ బాగున్నా వైరింగు కనెక్టర్లు ఒక్కొక్కటే చిలుము పట్టి, ఇవాళ పవర్ విండో, రేపు ఏబీఎస్ లైటు అని ఏళ్ల తరబడి తిప్పుతాయి. ధర ఎంత తగ్గించినా వదిలేయండి.