రోడ్డు సైకిల్ తొక్కేవారు మొదటి మౌంటెన్ బైక్‌ను ఎంచుకోవడం ఎలా?

హైదరాబాద్–శ్రీశైలం రహదారి మీద వంద కిలోమీటర్లు సునాయాసంగా తొక్కేవారు కూడా మౌంటెన్ బైక్ కొనడానికి వెళ్ళినప్పుడు మొట్టమొదట దానిని పైకెత్తి బరువు చూస్తారు. తారు రోడ్డుకు ఆ పరీక్ష సబబే గాని, చెల్కల మధ్య బండ్ల బాటలోనూ రాళ్ళు తేలిన గుట్ట దారిలోనూ ఒక కిలో తగ్గడం కన్నా టైరు నేలను పట్టుకోవడం, బ్రేకు చేతికి లొంగడం ఎక్కువ అక్కరకు వస్తాయి.

ముందుగా ఎక్కడ తొక్కబోతున్నారో తేల్చుకోవాలి. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో మనకు దొరికేవి మొరం దారులు, కాలువ కట్టలు, ఒర్రెలు, పొట్టి రాతి గుట్టలే తప్ప గంటల తరబడి సాగే దిగుడు దారులు కావు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఊరిస్తుంది గాని, అక్కడి అడవి బాటల్లోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్ళరాదు కనుక దానిని తలచుకొని సైకిల్ కొనవద్దు. ఈ నేలకు, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులో మాత్రమే సస్పెన్షన్ (కుదుపులను మింగే ఏర్పాటు) ఉండే హార్డ్‌టెయిల్ రకం చాలు. అదే ధరకు వచ్చే రెండు సస్పెన్షన్ల సైకిల్‌లో విడిభాగాలు నాసిగా ఉంటాయి. పైగా దాని కీళ్ళలో మన ఎర్ర దుమ్ము చేరితే నిర్వహణ భారమవుతుంది.

డబ్బు పెట్టవలసిన మొదటి చోటు ఫోర్కు. స్ప్రింగు ఫోర్కును మీ బరువుకు తగినట్లు అమర్చుకునే వీలు తక్కువ. గాలి ఫోర్కులో ఒత్తిడిని మార్చుకోవచ్చు. 100 నుంచి 120 మిల్లీమీటర్ల కదలిక సరిపోతుంది. తొక్కే భంగిమలో ఉన్నప్పుడు అందులో సుమారు ఐదో వంతు మీ బరువుకే కుంగాలి.

టైర్ల విషయంలోనే రోడ్డు అలవాటు ఎక్కువగా తప్పుదారి పట్టిస్తుంది. రోడ్డు టైరులో 80, 90 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలమానం) నింపే చేయి ఇక్కడ 50 దగ్గర ఆగడమే గొప్ప త్యాగమనుకుంటుంది. అప్పుడు సైకిల్ రాళ్ళ మీద ఎగిరెగిరి పడుతుంటే నింద ఫోర్కు మీదికి పోతుంది. 2.25 అంగుళాల ట్యూబ్‌లెస్ టైరుకు, 70 కిలోల మనిషికి 25 పీఎస్‌ఐ దరిదాపుల్లో మొదలుపెట్టి, రిమ్ము రాయికి తగలనంత వరకు తగ్గించుకుంటూ రావచ్చు. సర్కారు తుమ్మ ముళ్ళు, పల్లేరు కాయలు ఉన్న మన దారుల్లో ట్యూబ్‌లెస్ విలాసమేమీ కాదు, కనుక రిమ్ములూ టైర్లూ అందుకు పనికి వస్తాయో లేదో కొనేముందే అడగాలి. లోపల పోసే సీలెంట్ (చిల్లులను పూడ్చే ద్రవం) ఎండలకు త్వరగా ఆరిపోతుంది కాబట్టి వేసవిలో తరచుగా చూసుకోవాలి. వాన పడ్డాక రేగడి నేలలోకి మాత్రం ఏ టైరుతోనూ దిగకపోవడమే మేలు. మట్టి చక్రానికీ ఫ్రేముకూ మధ్య కూరుకుపోయి సైకిల్‌ను మోసుకురావలసి వస్తుంది.

గేర్ల విషయానికి వస్తే, ముందు పెడళ్ళ దగ్గర ఒకే పళ్ళచక్రం ఉండడం చూసి తక్కువ సరుకు అనుకోకండి. ముందు 32 పళ్ళు, వెనుక 51 వరకు ఉంటే, ముందూ వెనుకా 34 పళ్ళే ఉండే రోడ్డు సైకిల్ గేరు కన్నా చాలా తేలిక. నిటారు గుట్ట ఎక్కుడులో ఆ తేడా తెలుస్తుంది. వేగం కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి.

కొలత విషయంలో రోడ్డు సైకిల్ సైజు అంకె పనికిరాదు. పొట్టి స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే భాగం), 740 నుంచి 780 మిల్లీమీటర్ల వెడల్పు హ్యాండిల్ ఉంటాయి కనుక పెడళ్ళ మీద నిలబడి, మోచేతులు వంచి చూసి నిర్ణయించుకోవాలి. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు ఉండేలా చూసుకోండి. ఒక్క వేలితో ఆపగలగాలి. కుడిచేతి లీవరు ఏ చక్రాన్ని ఆపుతుందో కూడా చూడండి, మీ రోడ్డు సైకిల్‌కు భిన్నంగా ఉంటే మార్పించుకోండి. అడుగున మూడు మరలతో బిగించే క్లీటు (పెడల్‌కు తగులుకునే బిళ్ళ) ఉన్న రోడ్డు బూట్లతో బండ మీద నడవలేరు. కొన్ని నెలలు వెడల్పాటి మామూలు పెడళ్ళే మంచివి.

నడిపి చూసేముందు టైర్లలో గాలిని, ఫోర్కులో ఒత్తిడిని మీ బరువుకు సరిచేయమని అడగండి, ఎందుకంటే దుకాణంలో టైర్లు తరచుగా గట్టిగా నింపి ఉంటాయి. ఆ తరువాత నున్నని రోడ్డు మీద కాకుండా, దగ్గరలో ఉన్న గతుకుల నేల మీద, కూర్చొని ఒకసారి, నిలబడి ఒకసారి తొక్కి చూసి ధర మాట్లాడండి.