వయసు తగ్గించే మాత్రలు: కొనే ముందు వేయాల్సిన లెక్క

విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచేవాళ్ల కబుర్లలో మోకాళ్ల నొప్పులతో పాటు ఇప్పుడు సప్లిమెంట్లూ వినపడుతున్నాయి. కొలాజెన్ పొడి, గ్లూటాథయోన్, ఎన్‌ఎంఎన్, అశ్వగంధ, అమెరికా నుంచి పిల్లలు పంపిన సీసాలు. ఫలానాది మంచిదేనా అని అడిగితే సీసా ఒక్కటే చూసి చెప్పడం కుదరదు. మింగే మనిషి ఇప్పటికే ఏం వాడుతున్నారు, ఒంట్లో ఏది తక్కువైంది అన్నవి తెలియాలి. కాబట్టి ముందు మందుల డబ్బా తీయండి.

మందుల డబ్బా

రోజూ వేసుకునేవి, వారానికోసారి వేసుకునేవి అన్నీ కాగితం మీద రాయండి. బీపీ, షుగర్, థైరాయిడ్ బిళ్లలే కాదు, గ్యాస్ మాత్ర, క్యాల్షియం, చ్యవనప్రాశ, కషాయం, పాలలో కలుపుకునే పొడి కూడా. ఎన్ని మిల్లీగ్రాములు, ఏ వేళకు అన్నదీ రాయాలి.

రక్తం పలచబడే మందులు (ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్) వాడేవాళ్లు జింకో (ఒక చెట్టు ఆకుల సారం), వెల్లుల్లి క్యాప్సూల్స్, పసుపు సారం, ఎక్కువ మోతాదు విటమిన్ ఇ డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకూడదు. రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. వార్ఫరిన్ మీద ఉన్నవాళ్లకు విటమిన్ కె ఉన్న మాత్ర ఎదురు పనిచేస్తుంది, మందు పట్టు సడలుతుంది. థైరాయిడ్ బిళ్లకూ క్యాల్షియం, ఐరన్ మాత్రలకూ మధ్య 4 గంటల ఎడం ఉండాలి, లేకపోతే బిళ్ల సరిగా ఒంటికి పట్టదు. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు 1,000 మి.గ్రా. విటమిన్ సి బిళ్లల జోలికి పోవద్దు.

డి విటమిన్ దగ్గర జరిగే పొరపాటు

60,000 ఐయూ (విటమిన్‌ను కొలిచే యూనిట్) డి విటమిన్ సాచెట్ వారానికొకటి చొప్పున, సాధారణంగా 8 వారాలకు రాస్తారు. చీటీ అయిపోయాక కూడా మందుల షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి వాడేవాళ్లున్నారు. వారానికొకటి అని చెప్పింది రోజుకొకటిగా విని వేసుకునేవాళ్లూ ఉన్నారు. సరిగ్గా వారానికొకటే వేసుకున్నా సగటున రోజుకు సుమారు 8,570 ఐయూ. దాని పక్కన డి3 కలిసిన క్యాల్షియం బిళ్లలు రెండు, ఒక్కోదానిలో 250 చొప్పున 500. పిల్లలు పంపిన మల్టీవిటమిన్‌లో ఇంకో 1,000. మొత్తం 10,000 దాటింది. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా పెద్దలు దాటకూడని హద్దు రోజుకు 4,000.

ఇది కొవ్వులో నిల్వ ఉండే విటమిన్, మూత్రంలో కొట్టుకుపోదు. మితిమీరితే రక్తంలో క్యాల్షియం పెరిగి వికారం, మలబద్ధకం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మగత వస్తాయి. చివరికి కిడ్నీలు దెబ్బతింటాయి. డెబ్బై ఏళ్ల మనిషిలో ఇవి కనిపిస్తే ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందని సరిపెట్టుకుంటారు. వయసును ఆపడానికి వేసుకున్న మాత్రే కారణమన్న అనుమానం రాదు.

రక్తపరీక్ష

బీ12, 25 హైడ్రాక్సీ విటమిన్ డి, హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీలకు), ఎస్‌జీపీటీ (లివర్‌కు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కు) చాలు. శాకాహారులు, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్‌గానీ గ్యాస్ మాత్రగానీ వాడేవాళ్లు బీ12 తప్పక చూపించుకోవాలి. అందులో లోపం తేలితే మాత్రతో నిజంగానే తేడా తెలుస్తుంది. లోపం లేనివాళ్లకు అదే మాత్ర దండగ.

జుట్టుకూ గోళ్లకూ అని అమ్మే మాత్రల్లో బయోటిన్ 5,000 నుంచి 10,000 మైక్రోగ్రాములు ఉంటుంది. రోజుకు కావలసింది సుమారు 30. ఈ మోతాదులో బయోటిన్ కొన్ని ల్యాబ్ యంత్రాల లెక్కను తప్పుదోవ పట్టిస్తుంది. టీఎస్‌హెచ్ తప్పుగా తక్కువ చూపి లేని థైరాయిడ్ జబ్బు ఉన్నట్టు రావచ్చు. గుండెపోటు పరీక్ష ట్రోపోనిన్ కూడా తప్పుగా తక్కువ రావచ్చు, ఇది ప్రాణం మీదికి తెచ్చేది. పరీక్షకు 3 రోజుల ముందే ఆపండి. అత్యవసరంగా వెళ్తే బయోటిన్ వాడుతున్నామని చెప్పండి.

సీసా వెనకవైపు

ముందువైపు అక్షరాలు వదిలేయండి. ఇక్కడ అమ్మే సీసా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు ఉండాలి. ఆయుర్వేద మందైతే ఆయుష్ తయారీ లైసెన్స్ నంబరు చూడండి. రసౌషధాలను, భస్మాలను ఊరూపేరూ లేని పొట్లాల్లో కొనొద్దు. సీసం, పాదరసం ఉండే ముప్పుంది. అమెరికా సీసా మీద యూఎస్‌పీ (నాణ్యత ప్రమాణాలు చూసే సంస్థ) ముద్ర ఉంటే రాసిన మోతాదు లోపల ఉందని భరోసా, మీకు పనికొస్తుందని కాదు.

తర్వాత సర్వింగ్ (ఒకసారికి తీసుకోవాల్సింది) ఎంతో చూడండి. చాలా సీసాల మీద రాసిన మోతాదు రెండు క్యాప్సూల్స్‌కి. చేపనూనె క్యాప్సూల్ మీద 1,000 మి.గ్రా. అంటే అది నూనె బరువు. అందులో సాధారణంగా ఈపీఏ 180, డీహెచ్ఏ 120, అంటే ఒమేగా 3 మొత్తం 300 మాత్రమే. విటమిన్ డి మైక్రోగ్రాముల్లో ఉంటే 40తో గుణిస్తే ఐయూ వస్తుంది. వేటికి ఎంతో చెప్పకుండా ‘బ్లెండ్ 900 మి.గ్రా.’ అని ఉంటే దాన్ని తూకం వేయలేరు, అక్కడే పెట్టేయండి.

ఏది ఎంతవరకు

కొలాజెన్ పెప్టైడ్స్ రోజుకు 2.5 నుంచి 10 గ్రాములు, 8 నుంచి 12 వారాలు తీసుకుంటే చర్మంలో తేమ కొంత పెరిగినట్టు చిన్న పరీక్షల్లో కనిపించింది. వాటిలో చాలావాటికి డబ్బు పెట్టింది తయారీదార్లే. కొలాజెన్ చేపల నుంచో పశువుల నుంచో వస్తుంది. ఆకుపచ్చ చుక్క పెట్టి అమ్మే వెజ్ కొలాజెన్‌లో సాధారణంగా ఉండేది విటమిన్ సి, బయోటిన్ వగైరాలే.

ఎన్‌ఎంఎన్ రక్తంలో ఎన్ఏడీ (కణాల్లో శక్తి తయారీకి తోడ్పడే పదార్థం) స్థాయిని పెంచుతుంది. మనిషి ఆయుష్షు పెంచుతుందనడానికి మాత్రం రుజువు లేదు, ఖరీదేమో ఎక్కువ. తెల్లబడటానికి ఎక్కించే గ్లూటాథయోన్ ఇంజెక్షన్‌కి మా జవాబు ఒక్కటే: వద్దు.

యాంటీఆక్సిడెంట్ అంటే మంచిదే కదా అనుకునేవాళ్ల కోసం రెండు సంగతులు. 1994లో ఫిన్లాండ్‌లో సిగరెట్ తాగే మగవాళ్లకు రోజుకు 20 మి.గ్రా. బీటా కెరోటిన్ ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. 35 వేలకు పైగా మగవాళ్ల మీద చేసిన ఇంకో పరీక్ష ఫలితం 2011లో వచ్చింది: రోజుకు 400 ఐయూ విటమిన్ ఇ వాడినవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ. చుట్ట, బీడీ, సిగరెట్ అలవాటున్నవాళ్లు, అడ్డపొగ (నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట) తాగే పెద్దమ్మలతో సహా, బీటా కెరోటిన్ సీసా ముట్టుకోవద్దు.

పసుపు కూరలో వేసినంత మాత్రాన భయం లేదు. మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్, అశ్వగంధ, గాఢమైన గ్రీన్ టీ సారం కొందరికి లివర్‌ను దెబ్బతీస్తాయి.

క్యాల్షియం సీసా కొనేముందు తిండి లెక్క చూసుకోండి. పెద్దలకు రోజుకు 1,000 మి.గ్రా. కావాలి. 100 గ్రాముల చోడి (రాగి) పిండిలోనే సుమారు 350 ఉంటుంది. పాలు, పెరుగు, నువ్వులు దాని మీద.

మొదలుపెడితే

ఒకసారి ఒక్కటే. మూడు కలిపి మొదలుపెడితే దద్దురు దేనివల్లో, మేలు దేనివల్లో తేలదు. మొదలుపెట్టిన తేదీ మూత మీద రాయండి. 12 వారాలకు తేడా లేకపోతే ఆపేయండి. మూలికల సారాలైతే 6 నుంచి 8 వారాల మధ్య ఎస్‌జీపీటీ మళ్లీ చూపించుకోండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్లంతా దురద పెట్టినా అదే రోజు ఆపి, సీసాతో సహా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

సముద్రపు ఊరు కాబట్టి నిల్వ దగ్గర ఇంకాస్త జాగ్రత్త. పొయ్యి పక్క అలమరా, ఫ్రిజ్ పైభాగం పనికిరావు. తేమకు జెలటిన్ క్యాప్సూల్స్ ఒకదానికొకటి అతుక్కుంటాయి, విటమిన్ సి బిళ్లల మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి, కొలాజెన్ పొడి గడ్డకడుతుంది. లోపలి తేమ పీల్చే పొట్లం పారేయకండి. చేపనూనె క్యాప్సూల్ ఒకటి కోసి వాసన చూడండి. పాత రంగుల డబ్బా వాసనొస్తే నూనె చెడిందన్నమాటే.

ఆపరేషన్ ఉంటే 2 వారాల ముందే అన్ని సప్లిమెంట్ల చీటీ సర్జన్‌కి, మత్తు డాక్టర్‌కి చూపించండి, మూలికల మాత్రలు అప్పుడే ఆపించేస్తారు. మందు వికటించిందనిపిస్తే 1800-180-3024కి, సీసా మీద లైసెన్స్ నంబరు లేకపోయినా కల్తీ అనిపించినా ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు 1800-112-100కి ఫోన్ చేయవచ్చు. బ్యాచ్ నంబరు అడుగుతారు కాబట్టి ఖాళీ సీసా దాచి ఉంచండి.